పసిబిడ్డలకు వచ్చే ఇన్‌ఫెక్షన్లు, మందుకు లొంగని క్రిములు: తరచుగా అడిగే ప్రశ్నలు

నవజాత శిశువుల వార్డు తలుపు బయట, చెప్పుల వరుస పక్కన, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మమ్మలు, బిల్లుల కట్ట చేత్తో పట్టుకుని తిరిగే తండ్రులు రోజూ అడిగే ప్రశ్నలే ఇవి. విజయవాడలో అడిగినా, గుంటూరులో అడిగినా ప్రశ్నలు పెద్దగా మారవు. పిల్లల వైద్యుడిగా నేను చెప్పే సమాధానాలను, వార్డులో నిలబడి రెండు నిమిషాల్లో చెప్పలేకపోయే సంగతులతో కలిపి ఇక్కడ రాస్తున్నాను. పుట్టినది మొదలు 28 రోజులు నిండే వరకు బిడ్డను నవజాత శిశువు అంటాము. ఇక్కడ చెప్పేదంతా ఆ వయసు బిడ్డల గురించే.

"రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉంది" అన్నారు. అంటే ఏమిటి?

క్రిములు రక్తంలోకి చేరి, అక్కడి నుంచి ఒళ్ళంతా పాకి, ఊపిరితిత్తులు, మెదడు పొరలు, మూత్రపిండాలు వంటి అవయవాలను దెబ్బతీసే స్థితిని సెప్సిస్ అంటాము. పెద్దవారికైతే కాలి మీద పుండు పడితే చాలా వరకు అక్కడే ఆగిపోతుంది. పసిబిడ్డకు ఆ అడ్డుకట్ట ఇంకా కట్టి ఉండదు. తల్లి నుంచి బిడ్డకు అందే రక్షణ పదార్థాలు ప్రధానంగా గర్భం చివరి మూడు నెలల్లో మాయ ద్వారా చేరతాయి కాబట్టి, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఆ వాటా సగంలోనే వదులుకుని బయటికి వచ్చినట్లు లెక్క. పైగా అటువంటి బిడ్డ చర్మం పల్చగా ఉంటుంది, సెలైన్ కోసం సూదులు ఎక్కువగా గుచ్చవలసి వస్తుంది. పుట్టిన 72 గంటల లోపు కనిపించే ఇన్‌ఫెక్షన్‌ను ఒక రకంగా, ఆ తరువాత కనిపించే దానిని మరో రకంగా లెక్కిస్తాము. క్రిమి ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఊహించడానికి ఈ విభజన కొంత ఉపయోగపడుతుంది.

బిడ్డకు జ్వరమే లేదు కదా, ఇన్‌ఫెక్షన్ అని ఎలా అంటారు?

ఈ ప్రశ్న అడగని కుటుంబం లేదు. పసిబిడ్డలో ఇన్‌ఫెక్షన్ చాలాసార్లు జ్వరంగా రాదు, చల్లదనంగా వస్తుంది. మీ అరచేతి వెనక వైపుతో ముందు బిడ్డ పొట్టను, తరువాత అరికాళ్ళను తాకి చూడండి. పొట్ట వెచ్చగా ఉండి అరికాళ్ళు చల్లగా ఉంటే బిడ్డకు చలి పెడుతోందని అర్థం. గుడ్డ చుట్టి, గుండెలకు హత్తుకుంటే సర్దుకోవాలి. పొట్ట కూడా చల్లబడితే అది ఆలస్యం చేయకూడని సూచన. థర్మామీటర్ ఉంటే చంకలో పెట్టి చూడండి: 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినా, 95.9 కంటే తగ్గినా ఆసుపత్రికి బయలుదేరాలి.

వేడి కంటే నమ్మదగిన గుర్తు పాలు. నిన్నటి దాకా రొమ్ము పట్టిన బిడ్డ ఈ రోజు నోట్లో పెట్టినా చప్పరించకపోవడం, లేపినా లేవకుండా మగతగా పడి ఉండడం, కదిలిస్తే తప్ప కాళ్ళూ చేతులూ ఆడించకపోవడం, ఏడుపు సన్నగా మూలుగులా మారడం, ఇవి ఇంట్లో ఉన్న పెద్దావిడకు మాకంటే ముందే తెలుస్తాయి. "వీడు నిన్నటిలా లేడండి" అని ఒక నాయనమ్మ అన్నదంటే నేను ఆ మాటను పరీక్ష రిపోర్టుతో సమానంగా తీసుకుంటాను. ఊపిరి లెక్కించడం కూడా నేర్చుకోదగినదే. బిడ్డ నిదానంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట లేచి దిగడాన్ని గడియారం చూస్తూ నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పసిబిడ్డ ఊపిరి ఆగి ఆగి నడుస్తుంది కనుక పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చించడం పనికిరాదు. 60 గాని అంతకు మించి గాని వస్తే మరోసారి లెక్కించండి, అప్పుడూ అంతే ఉంటే ఆగవద్దు. ఛాతీ కింది భాగం లోపలికి గుంట పడడం, మూర్ఛ రావడం, ఒళ్ళు నీలంగా మారడం, బొడ్డు చుట్టూ చర్మం ఎర్రబడి చీము కారడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

మే నెల విజయవాడ ఎండల్లో ఒక చిక్కు ఉంది. గది వేడెక్కి, తల్లికి పాలు ఇంకా సరిగా పడని మూడో నాలుగో రోజున, ఒంట్లో నీరు తగ్గి కూడా బిడ్డకు జ్వరం వస్తుంది. పాలు పట్టి చల్లని గదిలో ఉంచితే అది తగ్గిపోతుంది. అయితే ఈ జ్వరం ఎండదో, ఇన్‌ఫెక్షన్‌దో ఇంట్లో తేల్చే పని కాదు. వైద్యులకే కొన్నిసార్లు రెండు రోజులు పడుతుంది.

ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదు. బిడ్డకు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్న వెనక తరచుగా మరో ప్రశ్న దాగి ఉంటుంది: బాలింత ఏం తిన్నది, ఏం తాకింది, ఎవరి తప్పు అని. దానికి ముందే సమాధానం చెబుతాను, తల్లి తిన్న తిండికి దీనితో సంబంధం లేదు.

కాన్పు సమయంలో తల్లి జనన మార్గంలోని క్రిములు బిడ్డకు అంటవచ్చు. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినా, తల్లికి నొప్పుల్లో జ్వరం వచ్చినా ఆ అవకాశం పెరుగుతుంది. పాశ్చాత్య దేశాల్లో మొదటి రోజుల ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా ఇలా తల్లి నుంచి వచ్చేవే. మన దేశంలో చిత్రం వేరుగా ఉంది. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో 2011 నుంచి 2014 వరకు 13,530 మంది నవజాత శిశువులను అనుసరించి, 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఇన్‌ఫెక్షన్లలో దాదాపు మూడింట రెండు వంతులు మొదటి 72 గంటల్లోనే బయటపడ్డాయి. అయినా వాటికి కారణమైన క్రిములు ఆసుపత్రుల్లో కాపురముండే అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా వంటివి. కాన్పు బల్ల, గొంతులోని తెమడ లాగే గొట్టం, ఆక్సిజన్ సీసాలో మార్చకుండా వదిలేసిన నీళ్ళు, చేతులు కడిగే తొట్టి, ఒక బిడ్డ నుంచి మరో బిడ్డకు వెళ్ళే మా చేతులు, ఇవే వాటి దారులు. ఒకే మంచం మీద ఇద్దరు ముగ్గురు బిడ్డలను పడుకోబెట్టవలసి వచ్చే వార్డులో ఆ దారి మరింత దగ్గరవుతుంది. వైద్యుడిగా ఈ మాట రాయడం సుఖంగా లేదు, కానీ నిందను బాలింత మీద వేసి మేము తప్పుకోవడం అంతకంటే అన్యాయం.

యాంటీబయాటిక్ పనిచేయడం లేదంటే, బిడ్డ ఒంటికి మందు అలవాటు పడిపోయిందా?

లేదు. అలవాటు పడేది బిడ్డ కాదు, క్రిమి. రెండు రోజుల కిందట పుట్టి, జన్మలో ఒక్క మందు చుక్క ఎరగని బిడ్డకు కూడా పది మందులకు లొంగని క్రిమి సోకవచ్చు. ఆ క్రిమి తన పాఠాలను ఎవరెవరి ఒంట్లోనో, ఏ ఆసుపత్రి గచ్చు మీదనో నేర్చుకుని వచ్చింది.

నేర్చుకోవడం అంటే ఇలా జరుగుతుంది. ఒక మందు వేసినప్పుడు దానికి లొంగే క్రిములన్నీ చచ్చిపోయి, ఏదో మార్పు వల్ల తట్టుకోగలిగిన కొన్ని మిగిలి, ఖాళీ అయిన చోటంతా అవే ఆక్రమించుకుంటాయి. కొన్ని క్రిములు పెన్సిలిన్ జాతి మందులను ముక్కలు చేసే ఎంజైములను తయారు చేస్తాయి. కొన్ని లోపలికి వచ్చిన మందును పంపులా బయటికి తోడేస్తాయి. కొన్ని తమ గోడలోని తలుపులను మూసుకుంటాయి. ఇంతకంటే ఇబ్బందికరమైన సంగతి, ఆ విద్యను రాసి ఉన్న జన్యువుల చుట్టను ఒక క్రిమి పక్కనున్న వేరే జాతి క్రిమికి కూడా అందించగలదు. 2008లో ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ చేరిన ఒక రోగిలో, చివరి అస్త్రాలుగా భావించే కార్బపెనెమ్ మందులనే కోసివేసే ఎంజైము బయటపడి, ఎన్‌డీఎం-1 అనే పేరుతో ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే, చాలీచాలని మోతాదులో మందు వాడితే క్రిములు తట్టుకోవడం నేర్చుకుంటాయని హెచ్చరించాడు.

పైన చెప్పిన ఢిల్లీ అధ్యయనంలో అసినెటోబాక్టర్ క్రిముల్లో 82 శాతం, క్లెబ్సియెల్లాలో 54 శాతం, పేగుల్లో ఉండే ఈ.కోలై అనే క్రిమిలో 38 శాతం పలు జాతుల మందులకు ఒకేసారి లొంగనివిగా తేలాయి. ఒక్కో ఆసుపత్రిలో ఈ లెక్క ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, ప్రతి ఆసుపత్రి తన కల్చర్ (రక్తంలోని క్రిమిని సీసాలో పెంచి గుర్తించే పరీక్ష) ఫలితాలను తానే పోగుచేసి చూసుకోవాలి.

డబ్బుకు వెనకాడం డాక్టరు గారూ, మొదటే గట్టి మందు వేసేయకూడదా?

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. పొలం అమ్మైనా బిడ్డను దక్కించుకోవాలనుకునే తండ్రి ఈ మాట అన్నప్పుడు కాదనడం తేలిక కాదు. ఆ మాటకు తలొగ్గి మందు మార్చే వైద్యులు ఉన్నారు. అలసిన రాత్రుల్లో నేనూ అలా చేశాను.

"గట్టి మందు" అనే మాటే మనల్ని దారి తప్పిస్తోంది. యాంటీబయాటిక్‌లలో ఉన్నది గట్టిదనం తేడా కాదు, ఏ తాళానికి ఏ చెవి అన్న తేడా. క్రిమి ఆంపిసిలిన్‌కు లొంగేదైతే, కార్బపెనెమ్ జాతికి చెందిన మెరోపెనెమ్ వేసినందువల్ల బిడ్డ త్వరగా కోలుకోదు. ధర పదింతలైనా గుణం అంతే. మరో వైపు నష్టం మాత్రం వెంటనే మొదలవుతుంది: ఎన్నో రకాల క్రిములను చంపే మందు బిడ్డ పేగుల్లో అప్పుడప్పుడే చేరుతున్న మేలు చేసే సూక్ష్మజీవులను కూడా తుడిచేస్తుంది, ఆ ఖాళీలో క్యాండిడా అనే బూజు జాతి పెరిగి రక్తంలోకి చేరవచ్చు, నెలలు నిండని బిడ్డల్లో పేగులు కుళ్ళే జబ్బు ముప్పు కూడా పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి యాంటీబయాటిక్‌లను మూడు వర్గాలుగా విడదీసి చూపుతోంది: ముందుగా వాడదగినవి, ఆచితూచి వాడవలసినవి, వేరే దారి లేనప్పుడే తీయవలసినవి. పసిబిడ్డలకు ఆంపిసిలిన్, జెంటామైసిన్ జంట మొదటి వర్గంలో ఉంది. కొలిస్టిన్ చివరి వర్గంలో ఉంది.

అలాగని ఎప్పుడూ పాత మందులతోనే మొదలుపెట్టాలని నియమం లేదు. ఆ ఆసుపత్రిలో ఏ క్రిములు తిరుగుతున్నాయో, బిడ్డ ఎంత ప్రమాదంలో ఉన్నాడో చూసి, మొదటి గంటలోనే పెద్ద మందు వేయవలసిన సందర్భాలు ఉంటాయి. మీరు అడగవలసింది "ఇంకా గట్టిది లేదా" అని కాదు. "కల్చర్ పంపారా అండి, ఫలితం వచ్చాక మందు మారుస్తారా" అని. ఈ ప్రశ్నకు నొచ్చుకునే వైద్యుడు నొచ్చుకోనివ్వండి.

ఇంత చిన్న బిడ్డకు అన్నిసార్లు రక్తం ఎందుకు తీస్తారు?

భయపడడంలో అర్థముంది. కిలో బరువుకు సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది, అంటే రెండున్నర కిలోల బిడ్డ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపి మన ఇంటి మంచినీళ్ళ గ్లాసుకు మించదు. అందులోంచి కల్చర్ పరీక్షకు కావలసింది ఒక మిల్లీలీటరు. నర్సు బిడ్డ చేతిని స్పిరిట్‌తో తుడిచి, అది ఆరే దాకా ఆగుతుంది (ఆ అర నిమిషం ఆగకపోతే చర్మం మీది క్రిమి సీసాలోకి పోయి లేని జబ్బును చూపిస్తుంది), సన్నటి నరం దొరకబుచ్చుకుని, తీసిన రక్తాన్ని పులుసులాంటి పోషక ద్రవం ఉన్న చిన్న సీసాలోకి ఎక్కిస్తుంది. ఆ సీసాను వెచ్చగా ఉంచితే, రక్తంలో క్రిమి ఉన్న పక్షంలో చాలా వరకు 36 నుంచి 48 గంటల్లో పెరిగి బయటపడుతుంది. తరువాత దాని మీద ఒక్కో మందును పరీక్షించి, ఏది పనిచేస్తుందో ఏది చేయదో పట్టికలో రాసి పంపుతారు. ఆ పట్టికలో మందు పేరు ఎదుట "ఎస్" అక్షరం ఉంటే లొంగుతుందని, "ఆర్" ఉంటే లొంగదని అర్థం.

మొదటి డోసు మందు పడక ముందే ఈ రక్తం తీయాలి. పరీక్ష కోసం చికిత్సను గంటల తరబడి ఆపకూడదు కూడా. ఈ రెండింటినీ పది నిమిషాల తేడాలో జరిపించడమే వార్డులో పనితనం.

కల్చర్‌లో ఏమీ పెరగలేదని వచ్చింది. మరి అనవసరంగా మందులు వేశారా?

అనుమానం కలిగినప్పుడు మొదలుపెట్టడం తప్పు కాదు. పసిబిడ్డలో సెప్సిస్ గంటల్లో ముదురుతుంది. ఏమీ పెరగలేదని తేలి, బిడ్డ చక్కగా పాలు తాగుతూ, మిగతా పరీక్షలూ బాగున్న తరువాత కూడా "ఎందుకైనా మంచిది" అని వారం రోజులు కొనసాగించడం తప్పు. 48 గంటల దగ్గర ధైర్యంగా ఆపగలగడం మా వృత్తిలో ఇంకా అందరికీ అలవడలేదు. పెద్దల యాంటీబయాటిక్ కోర్సు విషయంలో "మధ్యలో ఆపకూడదు" అని విని ఉంటారు కనుక, డాక్టరు ఆపుదామంటే కుటుంబం కంగారు పడుతుంది. మీ అంతట మీరు ఆపడం వేరు, పరీక్షలు చూసి వైద్యుడు ఆపడం వేరు. క్రిమి నిజంగా పెరిగితే సాధారణంగా 7 నుంచి 14 రోజులు, మెదడు పొరలకు సోకితే అంతకంటే ఎక్కువ రోజులు ఇంజెక్షన్లు పడతాయి.

పెద్ద పిల్లాడికి రాసిన సిరప్ ఇంట్లో ఉంది. రెండు చుక్కలు వేయవచ్చా?

వద్దు.

విజయవాడ సూర్యారావుపేటలోనూ, గుంటూరు కొత్తపేటలోనూ ఆసుపత్రులెన్నో మందుల షాపులూ అన్ని. అలవాటుగా వెళ్ళే షాపులో "పసిబిడ్డకు దగ్గండి" అంటే ఏదో ఒకటి చేతిలో పెట్టే అబ్బాయి దొరకడం కష్టం కాదు. చట్టం ప్రకారం, 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూల్‌లోని యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రోగి పేరు, రాసిన వైద్యుడి పేరు పుస్తకంలో నమోదు చేసి మూడేళ్ళు భద్రపరచాలి. అట్ట మీద నిలువునా ఎర్ర గీత ఉన్న మందు డాక్టరు చీటీతో మాత్రమే వాడవలసినది.

ఒక బిడ్డ గుర్తున్నాడు. పదకొండు రోజుల వాడు, పాలు మానేశాడని తెచ్చారు. కల్చర్‌లో ఏమీ పెరగలేదు, వెన్ను నీటిలో మాత్రం చీము కణాలు ఉన్నాయి, అంటే మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ సోకిందన్న గుర్తు. మూడో రోజున అమ్మమ్మ సంచీలోంచి, అడుగున అట్ట కట్టిన అమాక్సిసిలిన్ సీసా బయటికి వచ్చింది. అన్నకు నెల కిందట రాసినది, నీళ్ళు కలిపి అన్నాళ్ళూ అలాగే ఉంచినది. ఆవిడ ప్రేమతోనే పూటకు ఐదు చుక్కలు వేసింది. ఆ చుక్కలు క్రిమిని చంపడానికి చాలలేదు, సీసాలో పెరగకుండా దాచడానికి మాత్రం చాలాయి. ఏ క్రిమో తెలియక మూడు వారాల పాటు చీకట్లో గురిపెట్టినట్లు చికిత్స చేశాము. బిడ్డ బతికాడు.

వస, తేనె, ఆముదం, సాంబ్రాణి పొగ, వీటి వల్ల ఇన్‌ఫెక్షన్ వస్తుందా?

అన్నింటినీ ఒకే గాటన కట్టను. సున్నితంగా నూనె మర్దన చేసి, గోరువెచ్చని నీళ్ళతో లాల పోయడంలో నెలలు నిండిన ఆరోగ్యమైన బిడ్డకు హాని లేదు. పుట్టిన మొదటి 24 గంటలు మాత్రం స్నానం వద్దు. నోట్లోకి పోయేవి అన్నీ వద్దు. సానరాయి మీద అరగదీసిన వస, ఉగ్గు గిన్నెలో ఆముదం, నాలుక మీద తేనె, వీటితో పాటు రాతి మీదివీ వేలి మీదివీ క్రిములు కూడా లోపలికి పోతాయి, తేనెలో ఏడాది లోపు పిల్లలకు పక్షవాతం తెచ్చే క్రిమి బీజాలు కూడా ఉండవచ్చు. బొడ్డు మీద పసుపు, బూడిద, పౌడరు వేయకుండా పొడిగా వదిలేస్తే దానంతట అదే ఊడిపోతుంది. ముక్కులో, చెవుల్లో నూనె పోయడం మానేయండి.

ఒక అలవాటును మాత్రం గట్టిగా వారించాలి. తల్లి హార్మోన్ల ప్రభావంతో ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా మొదటి వారంలో రొమ్ములు ఉబ్బి, ఒక్కోసారి పాల చుక్క కనిపిస్తుంది. దానిని పిండేయాలని స్నానం చేయించేటప్పుడు నొక్కుతారు. అక్కడ చీము పట్టి, కోసి తీయవలసి వచ్చిన పసిబిడ్డలను చూశాను. ముట్టుకోకుండా వదిలేస్తే కొన్ని వారాల్లో అణిగిపోతుంది.

బిడ్డను పెట్టెలో పెట్టారు. ఆ సమయంలో మేము చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది, అది మందుల కంటే తక్కువదేమీ కాదు. ముర్రుపాలతో మొదలుపెట్టి తల్లి పిండి ఇచ్చే ప్రతి చుక్కలోనూ క్రిములను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. బిడ్డను తల్లి గుండెల మీద చర్మానికి చర్మం ఆనేలా పడుకోబెట్టే కంగారూ పద్ధతిని, 1 నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలకు పుట్టిన వెంటనే మొదలుపెడితే మరణాలు 25 శాతం తగ్గాయని, భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగి 2021లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఇన్‌ఫెక్షన్లు కూడా తగ్గాయి. లోపలికి వచ్చే ముందు ఉంగరాలు, వాచీ తీసి, మోచేతుల దాకా సబ్బుతో కడగాలి. బాలింత గాజులు తీయకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్ళలో, గాజులు మోచేతి పైకి జరిపి దూది కట్టుతో ఆపి కడగమంటాము. వాదన పెట్టుకునే కంటే అది మేలు. కడగకుండా లోపలికి వస్తున్న వారు తెల్లకోటు వేసుకున్నా సరే, "చేతులు కడుక్కున్నారా అండి" అని అడిగే హక్కు మీకు ఉంది.

ప్రోబయాటిక్ చుక్కలు వేస్తే ఇన్‌ఫెక్షన్ రాదంటున్నారు, నిజమేనా?

ఒడిశా గ్రామాల్లో తల్లిపాలు తాగుతున్న 4,556 మంది నవజాత శిశువులపై జరిగి 2017లో వెలువడిన పరిశోధనలో, ఒక ప్రత్యేకమైన లాక్టోబాసిల్లస్ రకాన్ని ఇచ్చినప్పుడు సెప్సిస్, మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. షాపులో దొరికే పొట్లాలు సాధారణంగా ఆ రకానివి కావు. వైద్యుడు చెప్పకుండా కొనవద్దు.

కోళ్ళ ఫారాలు, రొయ్యల చెరువుల్లో వాడే మందులకు కూడా దీనితో సంబంధం ఉందా?

ఉంది. క్రిమికి మనిషి, కోడి, చెరువు అన్న భేదం లేదు. అందుకే పసిబిడ్డలకు చివరి ఆసరాగా మిగిలిన కొలిస్టిన్‌ను ఆహారం కోసం పెంచే జీవాలకు వాడకుండా కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. కృష్ణా డెల్టాలో చెరువుల మీద బతికే కుటుంబాలు మా వార్డుకు వచ్చినప్పుడు ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతుంటాను.

పల్లెలో ఉన్నాము, రాత్రివేళ బిడ్డ పాలు మానేస్తే ఏం చేయాలి?

108కి ఫోన్ చేయండి. తెల్లవారాక చూద్దామనుకోవద్దు, ఊళ్ళోని ఆర్‌ఎంపీ చేత ఒక ఇంజెక్షన్ చేయించి ఆగనూవద్దు. దారిలో బిడ్డకు టోపీ, సాక్సు తొడిగి, తల్లి జాకెట్టు లోపల గుండెలకు ఆనించి తీసుకురండి. మింగగలిగితే పాలు పడుతూ ఉండండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ప్రత్యేక నవజాత శిశు విభాగాల్లో జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద చికిత్స, మందులు, రవాణా ఉచితం.

ఆసుపత్రిలో కాన్పు అయిన వారి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లె స్త్రీలకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి నవజాత శిశు మరణాలను సగానికి పైగా తగ్గించిన అనుభవం ఈ ఏర్పాటుకు మూలం. ఆవిడ వచ్చినప్పుడు గుమ్మంలోనే సంతకం పెట్టి పంపేయకుండా, బిడ్డ బట్టలు విప్పి చూపించండి.

ఇంటికి పంపేస్తున్నారు. తరువాత ఏం చూసుకోవాలి?

డిశ్చార్జి కాగితంలో ఏ క్రిమి పెరిగింది, ఏ మందు ఎన్ని రోజులు వేశారు అన్నవి రాసి ఉన్నాయో లేదో బయలుదేరే ముందే చూడండి. లేకపోతే రాయించుకోండి, కల్చర్ రిపోర్టు నకలు కూడా అడిగి తీసుకోండి. బిడ్డకు మళ్ళీ జబ్బు చేస్తే కొత్త వైద్యుడు మొదట వెతికేది ఆ కాగితాన్నే. జెంటామైసిన్, అమికాసిన్ వంటి మందులు కొందరిలో వినికిడిని దెబ్బతీయవచ్చు, మెదడు పొరల ఇన్‌ఫెక్షన్ అంతకంటే ఎక్కువగా దెబ్బతీస్తుంది. కాబట్టి బిడ్డ నిద్రపోతుండగా చేసే బెరా అనే వినికిడి పరీక్షను మూడు నెలల లోపు చేయించాలి. చప్పట్లు కొడితే ఉలిక్కిపడుతున్నాడు కదా అని ఆ పరీక్షను మానేయవద్దు. మీ చేతుల గాలి ముఖానికి తగిలినా బిడ్డ అలాగే ఉలిక్కిపడతాడు.